కత్తిరించని అంచు

బట్టల బజారు వెనక సందులో సూదమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. పుట్టినప్పుడు ఇంట్లోవాళ్ళు ఏదో చక్కటి పేరే పెట్టారు గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే వెనక ఇంకెవరో వస్తున్నారేమో అని ఆవిడే తిరిగి చూసేది. ఆవిడ పని రఫూ. కుట్టుపని కాదు సుమండీ. కుట్టుపని అంటే సూదమ్మకి కోపం. కుట్టు ఎవరైనా వేస్తారు, గోనెసంచికీ వేస్తారు. రఫూ అంటే చిరిగిన గుడ్డని చిరిగిన జాడ తెలియకుండా మళ్ళీ నేసెయ్యడం. ప్యాంటు మడతలోంచి నాలుగు దారాలు లాగి, ఆ దారాలతోనే చిల్లు మీద నిలువుగా, అడ్డంగా అల్లుకుంటూ పోతే, అయ్యాక చిల్లు ఎక్కడుండేదో బట్ట తెచ్చినవాడు కూడా వెతుక్కోవాలి.

ఆ సందులో ఆవిడ ఎన్ని కాపురాలు నిలబెట్టిందో లెక్కలేదు. సిగరెట్లు మానేశానని పెళ్ళాం మీద ఒట్టేసినవాడు చొక్కా జేబు దగ్గర కాల్చుకుని, చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడు. తోడికోడలి పట్టుచీర ఒకరోజుకి అడిగి కట్టుకుని, కుర్చీ మేకుకి పట్టించుకున్న ఇల్లాలు కొంగు గుప్పిట్లో దాచుకుని వచ్చేది. సూదమ్మ ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. "సాయంత్రం రండి" అనేది, అంతే. ఊళ్ళో సగం గుట్టు ఆవిడ సూది బెజ్జంలోంచి వెళ్ళిందే, ఒక్కటీ బయటికి పొక్కలేదు.

ఈ విద్య తండ్రి నేర్పాడు. ఆయన పద్ధతి ఆయనది. ఉతకని గుడ్డకి సూది తగలకూడదు, అది మొదటి నియమం. రెండోది, చిల్లు చుట్టూ పీలికలైన అంచునీ కాలిన అంచునీ కత్తెరతో శుభ్రంగా కత్తిరించాకే నేత మొదలుపెట్టాలి. అంచు కత్తిరించకుండా పైన నేస్తే, పుచ్చిపోయిన పన్ను లోపల ఉంచుకుని పైకి బంగారు తొడుగు వేయించుకున్నట్టే అనేవాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ వేలు పెట్టి తడిమితే పెసరగింజంత బొడిపె తగులుతుంది. తండ్రి దగ్గర ఎవరైనా అలా చేశారంటే మోచేతి మీద చెక్క స్కేలు పడేది. కూతురని కూడా చూసేవాడు కాదు.

ఆయన దగ్గర ఇంకో శిష్యుడు ఉండేవాడు. ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. సందుకి ఆ పక్కన, సరిగ్గా సూదమ్మ కొట్టు ఎదురుగానే ఆయన కొట్టు. కంటికి భూతద్దం ఆనించుకోనిదే పని చెయ్యడు కాబట్టి ఆయన్ని అందరూ భూతద్దం అనేవాళ్ళు. సూదమ్మ చిన్నప్పుడు ఆయన్ని "అన్నా" అని పిలిచేది. తర్వాత ఏళ్ళ తరబడి ఏమీ పిలవలేదు, ఎందుకంటే మాటల్లేవు. ఆవిడ రఫూ చేసిన కోటుని ఎవరో ఆయనకి చూపిస్తే, "ఇది రఫూనా? గాయానికి పట్టీ వేసినట్టుంది" అన్నాడట. ఆ మాట సందు దాటి ఇటు చేరడానికి ఎంతసేపు పడుతుంది? "ఆయన రఫూ మీద చీమలు దారి తప్పవు, అంత బాగా కనిపిస్తుంది" అని ఈవిడా అంది. అంతటితో ఉప్పూ నిప్పూ అయిపోయారు. పొద్దున్నే ఇద్దరూ ఒకేసారి షట్టర్లు ఎత్తేవాళ్ళు, ఒకరి మొహం ఒకరు చూడకుండా. అదీ ఒక విద్యే మరి.

సూదమ్మకి ఒక్కడే కొడుకు. సీలింగు ఫ్యాన్లకీ నీటి మోటార్లకీ రాగితీగ చుట్టేవాడు. మనిషి నిమ్మళం. నవ్వితే మాత్రం సందు చివరిదాకా వినిపించేది. తల్లి పని చూసి, "అమ్మా, నువ్వు చేసింది కనిపించకూడదు, నేను చేసింది వినిపించకూడదు. మనల్ని మెచ్చుకునేవాడు ఎలా దొరుకుతాడే" అనేవాడు. పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. కోడలు బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగు దగ్గర పనిచేసేది. అత్తాకోడళ్ళకి పడదు అనే మాట ఆ ఇంట్లో చెల్లలేదు. ఇద్దరూ కలిసి వాణ్ణి ఏడిపించేవాళ్ళు.

ఆ ఏడాది కుళాయిలు ఎండిపోయాయి. ఒకపూట రెండుపూటలు కాదు, వారాలు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పైవీధుల్లో తోటలకి నీళ్ళు పడుతున్నారు, మాకు గొంతు తడుపుకోవడానికి లేవు అని సూదమ్మవాళ్ళ కాలనీలో అందరూ అనుకుని, ఒకరోజు పొద్దున ఖాళీ బకెట్లు పట్టుకుని నీళ్ళ ఆఫీసుకి బయల్దేరారు. అదీ వాళ్ళ ఆయుధం. ప్లాస్టిక్ బకెట్లు. ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక, పిల్లలు ఎటు పడితే అటు. కొడుకు నీలం గళ్ళ చొక్కా వేసుకుని, ఎండకి బకెట్టు నెత్తిన బోర్లించుకుని వెళ్ళాడు. ఎవరో పేపరువాళ్ళు ఫొటో కూడా తీశారు. నవ్వుతూ ఉన్నాడందులో.

గేటు దగ్గర తోపులాట అయింది. బకెట్లు వాయించారు, అరిచారు. పోలీసులు లాఠీలెత్తారు, జనం వెనక్కి తిరిగి పరిగెత్తారు. అప్పుడు కాల్పులు. ముగ్గురు పోయారు. సూదమ్మ కొడుకు, రిటైరైన బస్సు డ్రైవరు కూతురు, కూరగాయల బండి నడిపే ఒకాయన.

సాయంత్రానికల్లా పోలీసులు ఒక ప్రకటన ఇచ్చారు. గుంపు ఇనుపరాడ్లతో మీదికి వచ్చిందనీ, అందరికన్నా ముందు గళ్ళ చొక్కా కుర్రాడు రాడ్డు ఎత్తి ఎదురొచ్చాడనీ, ప్రాణరక్షణ కోసం కాల్చాల్సి వచ్చిందనీ. చచ్చిపోయినవాడి మీద కేసు కూడా పెట్టారు. ఇదేం విడ్డూరం అంటే, చట్టంలో ఉందట.

ఆసుపత్రిలో ఆ రోజు ఎవరు ఎవరో తెలియని గందరగోళం. ఒక వార్డు మనిషి కోడలి చేతిలో ప్లాస్టిక్ సంచి పెట్టి, "మీవాళ్ళ బట్టలు, తీసుకెళ్ళమ్మా" అన్నాడు. అలా ఇవ్వకూడదని ఆయనకి తెలీదు, తీసుకోకూడదని ఈ పిల్లకీ తెలీదు. సంచి ఇంటికి వచ్చి అలమరలో పడింది.

వాణ్ణి సాగనంపి, చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళాక, ఒక మధ్యాహ్నం సూదమ్మ ఆ సంచి విప్పింది. కోడలు మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. చొక్కా అట్టకట్టుకుపోయింది. వీపు మీద, ఎడమ భుజానికి కిందగా, చిల్లు. ముందువైపు ఏమీ లేదు. తూటా లోపలే ఉండిపోయింది.

ఆవిడ చేసిన పని గురించి తర్వాత చాలామంది చాలా రకాలుగా అడిగారు. నిజానికి ఆవిడేమీ ఆలోచించి చెయ్యలేదు. చిరిగిన బట్ట ఇంట్లోకి వచ్చింది. వస్తే ఏం చేస్తారు? బకెట్టులో చన్నీళ్ళు పోసింది. నెత్తుటి మరకకి వేణ్ణీళ్ళు తగిలితే కరుచుకుపోతుంది, అందుకని చన్నీళ్ళే. ఆ నీళ్ళు కూడా పక్కింటివాళ్ళు ట్యాంకరులోంచి పట్టి ఇచ్చినవి. నానబెట్టి, సబ్బు పెట్టి, జాడించి, నీడలో ఆరేసింది. చొక్కా అడుగుమడతలోంచి నీలం దారాలూ తెల్ల దారాలూ లాగింది. కత్తెర తీసింది. తీసి, చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. అంచు కత్తిరించలేదు. లోపలికి ఒత్తిపెట్టి, పైన నేసేసింది. గళ్ళ గుడ్డ మీద రఫూ మహా కష్టం. గీతకి గీత కలవాలి. కలిపింది. ఇస్త్రీ చేసి హ్యాంగరుకి తగిలించింది.

కోడలు లేచి చూసింది. చొక్కా కింద నేల మీద కూర్చుండిపోయింది.

కొన్నాళ్ళకి డ్రైవరుగారు వచ్చాడు. ఆయన కూతురు కాలేజీ పిల్ల, ఆ రోజు బకెట్టు కూడా పట్టుకోలేదట, స్నేహితురాలి వెంట ఊరికే వెళ్ళింది. ఆయన ఇంట్లో కూర్చుని ఏడ్చే మనిషి కాదు. మూడు కుటుంబాల్నీ కూడగట్టాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు, ఒక లాయరుని పట్టాడు. నడివయసావిడ, అందరూ లాయరమ్మ అనేవాళ్ళు. అరిచి గోల చేసి, పేపర్లలో రాయించి, చివరికి ప్రభుత్వం చేత విచారణ కమిషన్ వేయించారు. రిటైరైన జడ్జిగారు ఒకాయన విచారిస్తాడు.

లాయరమ్మ మొదటిరోజు అందర్నీ డ్రైవరుగారింట్లో కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పింది. పోస్టుమార్టం కాగితంలో తూటా ఎటునుంచి తగిలిందో గజిబిజిగా రాశారు. ఎదురుగా వచ్చాడు కాబట్టి కాల్చాం అనేదే పోలీసుల మాట. వెనకనుంచి తగిలిందని ఒక్కరి విషయంలోనైనా తేలితే, పారిపోతున్నవాణ్ణి కాల్చారని తేలినట్టే. అప్పుడు ఆ కథ మొత్తం కూలుతుంది. ఆ రోజు వేసుకున్న బట్టలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? డ్రైవరుగారి కూతురివి ఆసుపత్రిలోనే పారేశారు. బండాయనవి ఏమయ్యాయో తెలీదు.

"మా దగ్గరుందండి," అంది సూదమ్మ. గబగబా ఇంటికి వెళ్ళి, చొక్కా మడత నలగకుండా రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చింది. అన్నాళ్ళలో అదే మొదటిసారి, తనవల్ల కొడుక్కి ఏదో పనికొస్తుందని అనిపించడం.

లాయరమ్మ ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"చిల్లు ఏదమ్మా?"

"రఫూ చేశానండి."

 డ్రైవరుగారు ఊరుకోలేకపోయాడు. "మాకు దొరికుంటే ప్రాణంలా దాచుకునేవాళ్ళం. నీకు దొరికితే ఉతికి ఇస్త్రీ చేసుకున్నావా తల్లీ?" అన్నాడు. తిట్టినట్టు కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. అదే ఎక్కువ తగిలింది.

సూదమ్మకి అప్పుడు అర్థమైంది తను చేసిందేమిటో. వెంటనే జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసింది, నిమిషంలో విప్పేస్తానంటూ. లాయరమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. మీరు విప్పితే మీరే చిల్లు పెట్టారంటారమ్మా, ఇక దీన్ని వేలితో కూడా ముట్టుకోకండి, అంది. తర్వాత నెమ్మదిగా, అసలు రఫూ ఎలా చేస్తారో చెప్పమంది, పాత చిల్లు తాలూకు ఏదైనా మిగిలిందేమో అని.

ఇదిగో, ఇక్కడే సూదమ్మ ఇంకో తప్పు చేసింది. ఉతకడం, అంచు కత్తిరించడం, దారం లాగడం, నెయ్యడం, అన్నీ తండ్రి నేర్పినట్టే చేశానని వరసగా అప్పజెప్పింది. అంచు కత్తిరించలేదని చెప్పలేదు. పనిలో లోపం ఉందని పరాయివాళ్ళ ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అది ఎంత పెద్ద విషయమో ఆవిడకేం తెలుసు? లాయరమ్మ "అయితే ఏమీ మిగల్లేదన్నమాట" అని నిట్టూర్చి, ఆవిడ చెప్పిందంతా వాంగ్మూలంగా రాసి, చొక్కాని కాగితంలో చుట్టి, రెండూ కమిషన్‌కి అప్పజెప్పింది. ఎంతైనా అదొక్కటే ఉంది మరి.

ఆ తర్వాత కుటుంబాల మీటింగులకి వెళ్ళాలంటే సూదమ్మకి ప్రాణం మీదికి వచ్చేది. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, పక్కన కూర్చునేవాళ్ళు కాదంతే.  నా బిడ్డ రౌడీలా ఎవరి మీదికీ పోలేదు, వాడి వీపున తగిలిందని నా కళ్ళతో నేను చూశాను, చూసి నేనే చెరిపేశాను అని కోడలితో అనేది, రోజూ అదే మాట. ఒకరోజు కోడలు బ్రెడ్డు ఫ్యాక్టరీ టోపీ తీసి గోడకి తగిలిస్తూ, "అత్తయ్యా, మీరు కావాలని చేశారా ఏంటి? ఆ చిల్లు చూస్తూ నేను మాత్రం ఆ గదిలో పడుకునేదాన్నా?" అంది. 

విచారణ మునిసిపల్ మీటింగు హాల్లో జరిగేది. జడ్జిగారి నెత్తి మీద ఫ్యాన్ కీచుమంటూ తిరిగేది. సూదమ్మ ఆ చప్పుడు వింటూ, వాడైతే వచ్చీ రాగానే స్టూలు వేసుకుని ఎక్కేసేవాడు కదా అనుకునేది.

పోలీసుల తరపు లాయరు మంచి మాటకారి. మొదట, ఇది ఆ రోజు చొక్కానే కాదు, అలమరలోంచి తీసిన ఇంకో చొక్కా, దీనికి చిల్లే లేదు కదా అన్నాడు. పేపరు ఫొటో చూపిస్తే, గళ్ళ చొక్కాలు ఊళ్ళో వెయ్యి ఉంటాయన్నాడు. ఈలోపు ల్యాబునుంచి రిపోర్టు వచ్చింది. వీపు వైపు ఎడమ భుజం కింద రఫూ ఉన్నట్టు పసిగట్టారు. అది ఎందువల్ల పడిన చిల్లో పైనుంచి చూసి చెప్పలేమనీ, విప్పి చూస్తే ఉన్నది కూడా పాడవచ్చు కాబట్టి కమిషన్ అనుమతి లేకుండా విప్పలేదనీ రాశారు. పద్ధతిగానే రాశారు, పాపం. పోలీసుల లాయరు వెంటనే మాట మార్చాడు. రఫూ చేసేవాళ్ళ ఇంట్లో రఫూ లేని చొక్కా ఉంటుందా, ఎప్పుడో మేకుకి పట్టి చిరిగుంటుంది, దీన్ని విప్పి సాగదియ్యడం కాలయాపన అన్నాడు. ఆ మాటకి బలం కోసం ఒక సాక్షిని కూడా పట్టుకొచ్చాడు, అదే పనిలో తల పండిన మనిషిని.

తలుపులోంచి భూతద్దం లోపలికి వచ్చాడు.

 సందులో వాకబు చేసి ఉంటారు, సూదమ్మంటే గిట్టనివాళ్ళెవరని. వెళ్ళి అడిగితే ఆయన, "ఆవిడ పని గురించా? కూర్చోండి, సాయంత్రం దాకా చెప్తాను" అన్నాడట. వాళ్ళకి ఇంకేం కావాలి? ఈ రోజు ఆయన నోట "పాత రఫూ" అన్న ముక్క వస్తే చాలు, చొక్కా మళ్ళీ కాగితంలోకి పోతుంది, కొడుకు రాడ్డు పట్టుకున్నవాడిగానే మిగిలిపోతాడు. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. లాయరమ్మ కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది.

భూతద్దం కుర్చీలో కూర్చుని చొక్కా అడిగాడు. ఇచ్చారు. కిటికీ వైపు వెలుతురుకి తిరిగాడు. అద్దం కంటికి ఆనించాడు. ఆనించి, అలా ఉండిపోయాడు. పోలీసుల లాయరు దగ్గాడు. జడ్జిగారు మంచినీళ్ళు తాగాడు. ఆయన తల ఎత్తలేదు.

"ఇది పాత రఫూయే కదండీ?" అని లాయరు అందించబోయాడు.

"పాతదా కొత్తదా తర్వాత సంగతి. ముందసలు ఇది రఫూనా?" అన్నాడు భూతద్దం.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సూదమ్మ తల దించేసుకుంది. ఆయన తన ధోరణిలో పోతున్నాడు. గీతకి గీత కలిసిన మాట నిజమేనట, అది ఒప్పుకోవాలట. గళ్ళ గుడ్డ మీద అలా కలపడం ఈ ఊళ్ళో తనకీ ఈవిడకీ తప్ప ఇంకొకరికి రాదట. దారం కూడా ఈ చొక్కా మడతలోదేనట. అడుగున మడత తిప్పి దారాలు లాగిన చోటు చూపించాడు. దారం లాగిన చోట రంగు ఇంకా వెలవకుండా ఉంది, తర్వాత ఒక్క ఉతుకు కూడా పడలేదు, కాబట్టి ఈ చొక్కా వేసుకుని తిరిగిన రోజుల నాటి రఫూ కాదిది అని కూడా తేల్చేశాడు. లాయరు మొహం అప్పుడు కాస్త మారింది. భూతద్దం ఇదేమీ చూడ్డం లేదు. బొటనవేలితో వీపు మీద ఒకే చోట మళ్ళీ మళ్ళీ రుద్దుతున్నాడు.

"అంచు కత్తిరించలేదు," అన్నాడు.

"అంటే?" అని జడ్జిగారు అడిగాడు.

"మా పనిలో చిల్లు అంచు కత్తిరించి పారేసి, అప్పుడు నెయ్యాలండి. ఈవిడ కత్తిరించకుండా లోపలికి నొక్కి పైన నేసేసింది. ఇదిగో, వేలికి తగుల్తుంది చూడండి. మా గురువుగారు ఈవిడ నాన్నేనండి, ఉండుంటే చెయ్యి విరగ్గొట్టేవాడు. ఇంత పనితనం ఉన్న మనిషి ఇలాంటి చెత్తపని ఎందుకు చేసిందో నాకైతే తెలీదు."

పోలీసుల లాయరు అందుకున్నాడు. "చెత్తపని అన్నారు కదా, చాలు. ఏదో మేకుకి చిరిగిన చొక్కా, అజాగ్రత్తగా బాగుచేశారు."

భూతద్దం అద్దం దించి ఆయన వైపు చూశాడు. పనివాడు కొత్త బేరాన్ని చూసే చూపు అది.

"మేకుకి పడితే గుడ్డ ఏడంకెలా చిరుగుతుందయ్యా. మూల వేలాడుతుంది, దారం తెగుతుంది గానీ ఎక్కడికీ పోదు. ఇక్కడ మధ్యలో దారమే లేదు. గుండ్రంగా ఎగిరిపోయింది. చుట్టూ ఉన్న కొసలు అన్నీ ఏదో దూసుకుపోయినట్టు తెగి ఉన్నాయి. మేకు అలా మింగదు."

జడ్జిగారు కాసేపు రాసుకున్నాడు. తర్వాత సూదమ్మని లేచి రమ్మన్నాడు. లాయరమ్మ అప్పటికే ఆవిడ వంక ఆశ్చర్యంగా చూస్తోంది, కత్తిరించానని చెప్పిన మనిషి కదా.

"అమ్మా, మీరు అంచు కత్తిరించారా లేదా?"

"లేదండి."

"మరి లాయరుగారు ఇచ్చిన మీ వాంగ్మూలంలో కత్తిరించాను అని ఉంది."

"ఉందండి. అబద్ధం చెప్పాను. సిగ్గేసింది, పని సరిగ్గా చెయ్యలేదంటే."

పోలీసుల లాయరు లేచి నిలబడ్డాడు, అబద్ధాలాడే సాక్షి అని. జడ్జిగారు ఆయన్ని చేత్తోనే కూర్చోమన్నాడు. ఎందుకు కత్తిరించలేదని అడిగాడు.

సూదమ్మ తన చేతుల వంక చూసుకుంది. "కత్తెర తీశానండి. పెట్టలేకపోయాను. వాడి ఒంటికి చివరిదాకా ఆనుకునున్న గుడ్డ కదండీ అది. అదీ కత్తిరించి చెత్తబుట్టలో వెయ్యమంటే నా వల్ల కాలేదు."

ఆ రోజుకి విచారణ అంతటితో ముగిసింది. రఫూ విప్పడానికి జడ్జిగారు అనుమతి ఇచ్చాడు, ల్యాబులోనే, రెండువైపుల వాళ్ళూ చూస్తుండగా.

బయట మెట్ల దగ్గర భూతద్దం చెప్పులు వెతుక్కుంటున్నాడు. సూదమ్మ కాస్త ఎడంగా నిలబడింది. ఇన్నేళ్ళ మౌనం ఎక్కడ మొదలుపెట్టి విప్పాలో తెలియక ఇద్దరూ చెప్పుల వంకే చూశారు.

"నిన్నేదో వెనకేసుకొచ్చానని సందులో చెప్పుకునేవు. నీ పని బాగాలేదనే చెప్పాను," అన్నాడాయన.

"విన్నానన్నా."

"ఆ మేకు మాట నాచేత అనిపిద్దామనుకున్నారు. మేకు చిరుగు నాకు తెలీదా?" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. సూదమ్మ కొడుకు ఆయన కొట్లో ఫ్యాను ఒకసారి ఊరికే బాగుచేసి పెట్టిన సంగతి ఆయన చెప్పలేదు. అది ఆయన భార్య తర్వాత కోడలికి చెప్పింది.

రఫూ విప్పారు. లోపల ఒత్తిపెట్టిన అంచు అలాగే ఉంది. ఎన్ని జాడింపులకీ పూర్తిగా వదలని నల్లటి వలయం, అందులో తూటా వదిలిన సీసం జాడ. తూటా వీపు వైపునుంచే దూరిందని ల్యాబువాళ్ళు సంతకాలు పెట్టి ఇచ్చారు. కమిషన్ రిపోర్టు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. నిరాయుధులైన జనం పారిపోతుండగా కాల్చారనీ, ఇనుపరాడ్ల మాటకి ఆధారం లేదనీ, గళ్ళ చొక్కా కుర్రాడి మీద పెట్టిన కేసు ఎత్తెయ్యాలనీ రాశారందులో. ఆ వాక్యాలు లాయరమ్మ డ్రైవరుగారింట్లో పైకి చదివింది. డ్రైవరుగారు తన కూతురి పేరు వచ్చిన చోట మళ్ళీ చదవమన్నాడు. అయ్యాక లేచి, గోడవారగా కూర్చున్న సూదమ్మ దగ్గరికి తన కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. క్షమాపణలూ అవీ ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత మీటింగుల్లో ఎప్పుడూ ఆవిడ పక్కనే కూర్చునేవాడు.

రిపోర్టు వస్తే న్యాయం వచ్చేసినట్టేనా? రాలేదు. కమిషన్ చెప్పడం వరకే, చెయ్యడం కోర్టు పని. కాల్చమన్న అధికారి మీద కేసు పెట్టడానికి అనుమతి కావాలన్నారు. అనుమతి ఇచ్చేసరికి ఆయనకి బదిలీ, పై పదవీ వచ్చాయి. పై కోర్టులో స్టే తెచ్చుకున్నాడు, అది కొట్టేశారు, మళ్ళీ తెచ్చుకున్నాడు. బండాయన భార్య ఈలోపు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది, వాయిదాలకి బస్సెక్కి వచ్చేది. కోడలు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరైంది. సూదమ్మకి కంటి శుక్లాలు తీయించారు. ఆపరేషనయ్యాక ఆవిడ మొదట చేసిన పని, ఎదురు కొట్టులోకి వెళ్ళి భూతద్దం చేసిన రఫూలో తప్పులు పట్టడం.

చివరికి కేసు విచారణకి వచ్చింది. మొదటి సాక్షి సూదమ్మే. బోనెక్కడానికి మెట్టు ఎత్తుగా ఉంటే కోడలు వెనకనుంచి పట్టుకుంది. అధికారి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మామూలు బట్టల్లో. చూస్తే ఎవరింట్లోనో పెద్దమనిషిలాగే ఉన్నాడు. గుమస్తా సీలు వేసిన కవరు తెచ్చి, అందరి ముందూ తెరిచి, చొక్కా బల్ల మీద పరిచాడు, వీపు పైకి వచ్చేలా.

లాయరమ్మ ముందే చెప్పింది, దేన్నీ ముట్టుకోవద్దని. సూదమ్మ చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ఆ మధ్యాహ్నం చిల్లుని చూడలేక గీతలే చూస్తూ నేసిన మనిషి. ఇప్పుడు కొత్త కళ్ళతో, పగటి వెలుతుర్లో, ఒంగి చూసింది. రఫూ దారాలు పక్కకి తీసేసి ఉన్నాయి. గుండ్రటి చిల్లు, నల్లటి అంచు, లోపలికి తిరిగిన కొసలు. అధికారి వంక ఒకసారి చూసింది. ఆయన బల్ల వైపు చూడ్డం లేదు.

"ఈ చొక్కా ఎవరిదమ్మా?" అని అడిగాడు ప్రభుత్వ ప్లీడరు.

"మా అబ్బాయిదండి."

"ఈ చిల్లు?"

"అదీ వాడిదేనండి," అంది సూదమ్మ. "మళ్ళీ పూడ్చను."